పక్కకు జరిగే బండి

మా కింది వాటాలో ఉండే బసవరాజు చీదరించుకోని వస్తువు ఢిల్లీ చుట్టుపక్కల ఒక్కటి కూడా లేదు. ఘాజియాబాద్ నీళ్ళు పుక్కిట పట్టి, ఉమ్మేసి, "ఇవి నీళ్ళా, కుడితా?" అంటాడు. కూరల బండి దగ్గర వంకాయను తొడిమతో పైకెత్తి, చచ్చిన ఎలుకను తోకతో ఎత్తినట్టు చూస్తాడు. ఇక్కడి చలిని కూడా వదలడు. లద్దాఖ్‌లో మిలిటరీ ట్రక్కు తోలినవాడికి ఇది చలి కాదట, తడి తువ్వాలట. మెట్రో రైలును "దారి చూసుకోవడం చేతగాక పట్టాలు అడుక్కునే బండి" అంటాడు. "అంత రోతైతే మార్కాపురం పోరాదా?" అని ఒకసారి అడిగాను. అప్పుడు సొంతూరైన మార్కాపురాన్ని తిట్టడం అందుకున్నాడు. టీ చల్లారిపోయేదాకా అది సాగింది.

తిట్టనిది ఒకటే ఉంది. బస్సు.

పటాలంలో డ్రైవరుగా చేసి, హవల్దారుగా దిగిపోయాక, గ్రేటర్ నోయిడాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో బస్సు పట్టాడు. పొద్దున్నే ఘాజియాబాద్‌లో పిల్లలను ఎక్కించుకుని కాలేజీలో దింపడం, సాయంత్రం మళ్ళీ తీసుకురావడం. ఇన్నేళ్ళలో ఆ బస్సు గురించి అతని నోట ఒక చెడ్డ మాట రాలేదు. గేరు పడక మొరాయిస్తే, "దానికి ఇయ్యాల ఒంట్లో బాగలేదు" అనేవాడు. తనకు టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా అంత మెత్తగా మాట్లాడలేదని అతని భార్య సుభద్ర ఇప్పటికీ దెప్పుతుంది.

ఈ ఏడు వానల్లో హెవీ లైసెన్సు కంటి పరీక్ష దగ్గర ఆగిపోయింది. ఎదురుగా లైటు పడితే ఎడమ కన్ను మసకేస్తోంది. ఇంకో డాక్టరు కూడా అదే చెప్పాడు. బసవరాజు ఇద్దరు డాక్టర్లనూ తిట్టాడు కానీ తాళంచెవి తీసుకెళ్ళి ఆఫీసు కొక్కేనికి తగిలించాడు.

ట్రాన్స్‌పోర్టు ఇన్‌చార్జి త్యాగి సాబ్ అతన్ని పిలిచి కుర్చీ చూపించాడు. అది మంచి శకునం కాదని బసవరాజుకు అక్కడే తెలిసిందట. డ్రైవర్లను త్యాగి ఎప్పుడూ నిలబెట్టే మాట్లాడతాడు.

"బసవరాజ్ జీ, స్టీరింగ్ తో అబ్ గయా. లేకిన్ ఆప్ పురానే ఆద్మీ హైఁ," అని, స్టీరింగు పోయినా పాత మనిషిని వదులుకోనన్నట్టు మొదలుపెట్టి, విషయం చెప్పాడు. కాలేజీ బస్సులన్నిటికీ ఒక పరికరం బిగించారు. ఏ బస్సు ఎక్కడుందో కంప్యూటరులో మ్యాపు మీద చుక్కలుగా కనపడుతుంది. ఒక మనిషి ఎదురుగా కూర్చుని, ఏది ఎక్కడ ఆగిందో చూసి, డ్రైవరుకు ఫోను కొట్టాలి. ఆ కుర్చీ బసవరాజుకే ఇస్తాడు. కానీ మౌస్ పట్టడం రావాలి. దసరా సెలవులయ్యి కాలేజీ తెరిచే సోమవారం తానే పరీక్ష పెడతాడు. వస్తే కుర్చీ, రాకపోతే గేటు.

గేటంటే అడ్డకర్ర. బస్సు వస్తే ఎత్తాలి, పోయాక దించాలి. మొన్నటిదాకా తన దగ్గర గేర్లు నేర్చుకున్న సతేందర్ ఇప్పుడు బసవరాజు బస్సే తోలుతున్నాడు. ఆ సతేందర్ గేటు దగ్గరకొచ్చి హారను కొడితే బసవరాజు పరుగెత్తుకెళ్ళి కర్ర ఎత్తాలి. తను తోలిన బస్సుకు తనే దారి ఇచ్చి పక్కన నిలబడాలి. "అంతకంటే ఆ కర్ర నా నెత్తిన పడినా బాగుండు," అన్నాడు నాతో. అది తిట్టులా వినపడలేదు నాకు.

నేర్పాల్సింది సునంద. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునేది ఆమె ఒక్కతే. మలక్‌పేట మనిషి, భర్త హిండన్‌లో ఎయిర్‌ఫోర్సు. ఆమెకూ బసవరాజుకూ పాత యుద్ధం ఉంది. పొద్దున హాజరు వేయించుకోవడానికి వచ్చినప్పుడల్లా కిటికీలో తల పెట్టి, "ఏం మేడమ్, కుర్చీ అరిగిందా? కొత్తది తెప్పియ్యమంటారా?" అనేవాడు. "మీ టైర్లు అరిగినంత అరగలే గానీ, సంతకం పెట్టి కదలుండ్రి," అనేది ఆమె. ఇప్పుడు అదే కిటికీకి ఇవతలి పక్క, ఆమె పక్కన స్టూలు మీద, శిష్యుడిలా కూర్చోవాల్సి వచ్చింది. ఆ కిటికీలోంచి మిగతా డ్రైవర్లు తొంగి చూడకుండా పోతారా?

మొదటి రోజు బసవరాజు మౌస్‌ను తీగ పట్టుకుని గాల్లోకి ఎత్తాడు.

"ఇదా?"

"అదే."

"ఎలక."

"ఎలకనే. కరవదు, పట్టుకోండి."

"పది టన్నుల బండి తోలిన చెయ్యి మేడమ్ ఇది. దీనికి ఎలకను అప్పజెప్తారా?"

సునంద ఆ రోజు ఎందుకో మంచితనానికి పోయింది. పెద్దమనిషి, బస్సు పోయిన బాధలో ఉన్నాడు, కాస్త ధైర్యం చెబుదామనుకుంది. "అందుకే చెప్తున్న బసవరాజ్ గారూ. కొత్తదేం కాదు, బండి నడిపినట్టే అనుకోండి. మీరు ఎటు పోనిస్తే అటు పోతది," అంది.

చెడిందంతా అక్కడే. బసవరాజు ఎవరి మాటా వినడు గానీ, విన్నాడంటే తు.చ. తప్పడు. పటాలం అలవాటు. బండి అన్నారు, బండిలాగే తోలాడు.

కుడికి పోవాలంటే మౌస్ ముక్కును కుడికి తిప్పి ముందుకు తోసేవాడు. తెర మీద బాణం పైకి ఎగిరిపోయేది. ఎడమకు తిప్పి తోసినా పైకే. "దీని స్టీరింగ్ రాడ్డు విరిగింది," అని తేల్చేశాడు.

"ముక్కు తిప్పకుండ్రి. మౌస్ ఎట్లున్నదో అట్లనే ఉంచి, పక్కకు జరపండి."

"పక్కకు జరిగే బండి లోకంలో యాడన్నా ఉందా మేడమ్? అది బండి కాదు, ఎండ్రకాయ."

"మీ కోసం ఎండ్రకాయనే అనుకుందాం. జరపండి."

జరిపాడు, ఎండ్రకాయను తిట్టుకుంటూ. దాని మీది రెండు మీటల్లో ఎడమదాన్ని క్లచ్చి అనుకున్నాడేమో, దాన్ని నొక్కిపట్టి వదలకుండా లాగాడు. బాణంతో పాటు మ్యాపు మొత్తం కదిలి, తెర దాటి బయటికి జారడం మొదలైంది.

"అయ్యో, ఢిల్లీని ఏడికి తీస్కపోతుండ్రు?"

"పోనీ మేడమ్, పోతే పీడా పోయె."

కిటికీ అవతల డ్రైవర్లు పగలబడి నవ్వారు. వాళ్ళకు తెలుగు రాదు. ఢిల్లీ జారిపోవడం కనపడింది, అది చాలు.

రెండో రోజుకు ముక్కు తిప్పడం మానేశాడు, క్లచ్చి కూడా వదిలాడు. అసలు చిక్కు అప్పుడు తెలిసింది. తెర మీద ఘాజియాబాద్ పైన ఎడమ పక్కన ఉంటే, కాలేజీ కింద కుడి మూలకు ఉంటుంది. బాణాన్ని ఘాజియాబాద్ నుంచి కాలేజీ దాకా తీసుకుపోయి, అక్కడున్న చుక్క మీద నొక్కితే డ్రైవరు పేరు, ఫోను నంబరు కనపడతాయి. సునంద చెయ్యి ఇలా అంటే బాణం అలా అక్కడ ఉంటుంది. బసవరాజు బాణం మాత్రం నోయిడా దగ్గర ఆగిపోయేది. ఎందుకంటే అక్కడికి బల్ల మీద జాగా అయిపోయేది. మౌస్ కింది అట్ట అరచేతి కంటే కొంచెం పెద్దది, దాని పక్కనే సునంద టీ ఫ్లాస్కు, ఫోను, స్టాప్లరు. మౌస్ ఫ్లాస్కుకు తగలగానే బసవరాజు ఆగేవాడు. ముందు దారి లేనప్పుడు ఏ డ్రైవరైనా ఏం చేస్తాడు? రివర్సు తీశాడు. ఎంతో జాగ్రత్తగా, వెనక అద్దంలో చూసుకున్నట్టు భుజం మీదుగా ఒకసారి చూసుకుని మరీ, మౌస్‌ను వచ్చిన దారినే వెనక్కి లాక్కొచ్చేవాడు. బాణం కూడా బుద్ధిగా వచ్చిన దారినే ఘాజియాబాద్ చేరేది.

మళ్ళీ బయల్దేరేవాడు. మళ్ళీ నోయిడాలో ఫ్లాస్కు.

ఏళ్ళ తరబడి ఆ దారిలో ఒక్క పూట ఆలస్యం చేయని మనిషి కాలేజీ చేరలేకపోయాడు. సునంద తన చెయ్యి పెట్టి చూపించింది, మళ్ళీ చూపించింది. ఆమె చేతిలో మౌస్ అట్ట అంచుకు రాగానే ఒక చిటికెలో లేచి వెనక్కొచ్చి వాలేది. అది ఎంత చిన్న ఎత్తంటే, తను ఎత్తుతున్నట్టు ఆమెకే తెలియదు. తెలియనిది ఎలా చెబుతుంది? మొండితనమనుకుంది.

"కావాలని చేస్తున్నరు మీరు. నేర్చుకోవద్దనే చేస్తున్నరు."

"నేను సరిగ్గానే తోలుతున్నా. మీ రోడ్డే పొట్టిది."

"గేటుకాడ పొడుగు కర్ర ఉన్నది, పోయి పట్టుకోండి!"

అనేశాక ఆమె నాలుక కరుచుకుందట. బసవరాజు లేచి స్టూలును గోడవారకు జరిపేశాడు.  సెలవులకు ఆఫీసు మూసేటప్పుడు ఆమె సొరుగులోంచి ఒక పాడైపోయిన మౌస్ తీసి, అతని టిఫిను సంచీలో పడేసింది. "తీగ తెగింది దీనికి. చేతికైనా అలవాటు అయితది," అంది, మొహం చూడకుండా.

అలా ఆ తోక తెగిన మౌస్ మా కింది వాటాలోకి వచ్చింది. సెలవులన్నీ బసవరాజు అన్నం తినే బల్ల ముందు కూర్చుని, దేనికీ తగిలించని ఎలుకను ఇటూ అటూ తోలాడు. ఉప్పుడబ్బా ఘాజియాబాదు, ఆవకాయ జాడీ కాలేజీ. నేను పాల ప్యాకెట్టు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చూశాను. ఏం చేస్తున్నావని అడిగితే, "గాడిదలు కాస్తున్నా," అన్నాడు.

సుభద్ర తిట్టడంలో భర్తకు తీసిపోదు. ఆయన ఊరినీ లోకాన్నీ తిడితే, ఆమె ఆయన ఒక్కడినే తిడుతుంది. అందువల్ల గురి ఎక్కువ.

"ఏమయ్యా, దానికి దారం కట్టి లాగరాదా? మా అక్క మనవడు అగ్గిపెట్టెకు కట్టి లాగుతాడు. వాడికి రెండేళ్ళు నిండలా."

"నీకు తెలవదు, నోరుమూసుకో."

"ముందుకు పోతావు, ఎనక్కొస్తావు. ముందుకు పోతావు, ఎనక్కొస్తావు. ఏందయ్యా ఆ ఎనక్కి రావడం?"

"రివర్సు."

"రివర్సూ లేదు, నీ బొందా లేదు. బల్ల అరిగిపోతా ఉంది."

ఆయుధపూజ వచ్చింది. మిగతా డ్రైవర్లు దసరాకు ముందొచ్చే విశ్వకర్మ పూజకే బస్సులకు దండలేసి లడ్డూలు పంచుకుంటారు. బసవరాజు కంటికి అది ఆనదు. ప్రతి దసరాకూ తన బస్సును ఒక్కడే కడిగి, బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవాడు. ఈసారి బస్సు లేదు. పొద్దున్నే స్నానం చేసి ఏం చెయ్యాలో తెలియక గుమ్మంలో నిలబడ్డాడు. సుభద్ర కుంకుమ బరిణె తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నీ కొత్త బండికి పెట్టు బొట్టు."

"దానికా? నిమ్మకాయ తొక్కిస్తే నిమ్మకాయే దాన్ని తొక్కుద్ది. తియ్యి అవతలకి."

బరిణె మూత తెరవకుండానే దేవుడి గూట్లోకి తిరిగి వెళ్ళింది. ఆ పూట అతను పులిహోర కూడా సరిగా తినలేదని సుభద్ర నాతో చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె కూడా తిట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం బసవరాజు మర్నాటికి చొక్కా తీశాడు. కుర్చీకైనా గేటుకైనా అదే చొక్కా. ఇస్త్రీ అతనే చేసుకుంటాడు. పెళ్ళైన కొత్తలో సుభద్ర చేస్తే, చేతి మడత రెండు గీతలుగా వచ్చిందని ఆ రోజు నుంచీ ఇస్త్రీ పెట్టె ఆమెను ముట్టనివ్వలేదు. పటాలంలో మడత కత్తిలా ఉండాలి. బల్ల మీద మౌస్‌ను జాడీ పక్కకు నెట్టి, పాత మిలిటరీ కంబళి పరిచి, నీళ్ళు చిలకరించి మొదలుపెట్టాడు. సుభద్ర ఎదురుగా కూర్చుని గోంగూర ఒలుస్తోంది.

చొక్కా వీపు మీద ఇస్త్రీ పెట్టెను కుడికి తోశాడు. కంబళి అయిపోయింది. పెట్టె ఎత్తి, మళ్ళీ ఎడమ పక్కన ఆనించి, కుడికి తోశాడు.

సుభద్ర ఒలిచే కాడ పట్టుకుని ఆగింది. "అదేంది? దీనికి రివర్సు తియ్యవా?"

"ఏంది?"

"ఆ ఎలకైతే అంచుకు పోగానే వచ్చిన దారినే ఈడ్చుకొస్తివి గదా. ఇస్త్రీ పెట్టెనైతే ఎత్తి పెడతా ఉండావు. ఆ ఎలక నీ సుబేదారా ఏంది, ఎత్తాలంటే భయపడడానికి?"

బసవరాజు చేతిలో ఉన్నదాని వైపు చూశాడు. ముక్కు ముందుకే ఉంది. పక్కకు జరుగుతోంది. ఇన్నేళ్ళూ జరుపుతూనే ఉన్నాడు, ఎప్పుడూ దాన్ని ఎండ్రకాయ అనలేదు. అంచు వస్తే ఎత్తి వెనక పెడుతున్నాడు. చెయ్యి దానంతట అదే ఎత్తుతోంది. తీగ కూడా ఉంది, ఆఫీసు ఎలుకకూ దీనికీ. మౌస్ వైపు చూశాడు. మళ్ళీ చేతిలోకి చూశాడు.

"కాలిపోతా ఉంది!" అని సుభద్ర అరిచింది.

ఎత్తేసరికి చొక్కా వీపు మీద పెట్టె అచ్చు గోధుమరంగులో దిగింది, ముక్కుతో సహా.

"సచ్చినోడా! ఉన్న ఒక్క మంచి చొక్కా! బుర్ర యాడ పెట్టావయ్యా?"

అతను పెట్టె నిలబెట్టి, మౌస్ అందుకుని, కంబళి మీద ఉప్పుడబ్బా నుంచి బయల్దేరాడు. అంచు దాకా పోయాడు. ఎత్తాడు. వెనక పెట్టాడు. మళ్ళీ పోయాడు. తీగ తెగిన మౌస్‌కు తెర ఏదీ లేదు, బాణం లేదు. అయినా ఆవకాయ జాడీ దగ్గరకొచ్చి ఆగి, ఎడమ మీట టక్కున నొక్కాడు.

"బండి అని చెప్పింది ఆ మేడమ్," అన్నాడు. "బండంట! దాని మొహం."

సోమవారం ఆ కాలిన చొక్కాతోనే పోయాడు. వేరేది ఉంది గానీ అది మడత నిలవని బట్ట. ఆఫీసులో త్యాగి అతని వెనక నిలబడ్డాడు. సునంద అక్కర్లేని కాగితాలు సర్దుతోంది. ఫ్లాస్కు మాత్రం బల్ల మీద నుంచి తీసి కింద పెట్టబోయింది. బసవరాజు చూసి, "ఉండనీ మేడమ్. యాడుండేది ఆడుండనీ," అన్నాడు.

"కాలేజ్ గేట్ కే పాస్ జో బస్ హై, ఉస్‌పే లే జావో," అన్నాడు త్యాగి.

కాలేజీ గేటు దగ్గరున్న బస్సు మీదికి పోవాలి. బాణం ఘాజియాబాద్‌లో ఉంది. బసవరాజు జరిపాడు. నోయిడా వచ్చింది, ఫ్లాస్కూ వచ్చింది. సునంద చేతిలో కాగితాలు ఆగిపోయాయి. అతను మౌస్‌ను ఎత్తాడు. కొంచెం కాదు, ఇస్త్రీ పెట్టెను ఎత్తినంత ఎత్తు ఎత్తి, అట్ట ఎడమ అంచున దించి, మళ్ళీ తోశాడు. బాణం నోయిడా దాటింది. ఇంకోసారి ఎత్తి దించాడు. ఆ ఊపుకు చుక్క దాటి అవతలి పొలాల్లోకి పోయాడు, పళ్ళు కొరికి వెనక్కొచ్చాడు. చివరికి మూలన చుక్క మీద ఆపి, నొక్కాడు. పేరు విచ్చుకుంది. సతేందర్. అది తన బస్సే. గేటు దగ్గర కదలకుండా నిలబడి ఉంది.

"ఖడీ క్యోఁ హై? ఫోన్ లగావో," అన్నాడు త్యాగి.

ఎందుకు ఆగిందో కనుక్కోవడానికి బసవరాజు ఫోను చేశాడు. అవతల సతేందర్ గొంతు హారను మోతతో కలిసి గదంతా వినపడింది. "ఉస్తాద్, గేట్ పే కోయీ హై హీ నహీఁ! డండా కౌన్ ఉఠాయేగా?" గేటు దగ్గర కర్ర ఎత్తే మనిషే లేడట.

బసవరాజు ఫోను చెవి నుంచి తీసి, త్యాగి వైపు తిరిగి, చాలా మర్యాదగా, "సాబ్, గేట్ పే కోయీ నహీఁ హై," అన్నాడు.

గేటు పనికి బసవరాజే వస్తాడని త్యాగి ఇంకెవరినీ పెట్టలేదు. నోట్లో ఏదో బూతు నమిలాడు, గబగబా గుమ్మం దాకా పోయాడు. అక్కడ ఆగి వెనక్కి చూసి, కుర్చీలో రేపటి నుంచి కాదు, ఈ రోజు నుంచే కూర్చోమన్నాడు. "యహీఁ బైఠో. కల్ సే నహీఁ, ఆజ్ సే." రెండడుగులు వేసి, వీపు మీది అచ్చు చూసి మళ్ళీ వచ్చాడు. "ఔర్ యే పీఠ్ పే క్యా ఛాప్ రఖా హై?" జవాబు కోసం ఆగకుండా కర్ర ఎత్తడానికి పరుగెత్తాడు.

సునంద ఫ్లాస్కులోంచి టీ పోసి అతని ముందు పెట్టింది. "రాదు రాదు అనిపిచ్చుకోని, ఎట్లొచ్చింది?"

"మీరు బండి అన్నారు మేడమ్. పాపం, మీకు బండి తెలవదు. ఇది బండి కాదు, ఇస్త్రీ పెట్టె."

ఆమె అతని వీపు వైపు వంగి చూసింది. "కనిపిస్తున్నది," అంది.

ఆ సాయంత్రం నేను కిందికి వెళ్ళేసరికి సుభద్ర దేవుడి గూట్లోంచి కుంకుమ బరిణె తెచ్చి మళ్ళీ మౌస్ పక్కన పెట్టి ఉంచింది. బసవరాజు మూత తీశాడు. వేలికి కుంకుమ అద్దుకున్నాడు. మౌస్‌ను దాటేసి, కిటికీలో ఉన్న ఇస్త్రీ పెట్టెకు బొట్టు పెట్టాడు.

"దసరా పోయినాక ఆయుధపూజేందయ్యా?"

"పెట్టించుకునేది అడగలా, నీకెందుకు?"

తర్వాత నాకూ ఒక గ్లాసు టీ ఇప్పించి, కుర్చీని తిట్టడం మొదలుపెట్టాడు. నడుం నొప్పట. గది ఇరుకట. ఎదురుగా అద్దమంత తెర, అందులో తన బస్సు ఎంతుందో తెలుసా అని వేలి గోరు చూపించాడు. "ఆవగింజంత! అంత బస్సును ఆవగింజ చేశారు దరిద్రులు."

సుభద్ర కాలిన చొక్కాకు వీపున అతుకు వెయ్యడానికి సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా అడిగింది. "ఆవగింజంతైతే ఏమైంది? నీ కంటికి కనపడతా ఉందా, లేదా?"

బసవరాజు టీ ఒక గుక్క తాగాడు.

"కనపడతా ఉంది," అన్నాడు. "ఆ ముదనష్టపు రంగే బాగలేదు."